నూట ముప్ఫై అయిదు డిగ్రీలు

3, సోమవారం

నాకు బాబాయి ఉద్యోగం మీద కన్నంట! అమ్మ మాట. చేపలు తోముతూ, నా మొహం కూడా చూడకుండా — "నిన్ను కాలేజీలో పెట్టించిందే ఆయన. ఆయనకే తప్పులు పడతావామే?"

నేను అడిగింది మా లెక్కల హెడ్డుగా ఆయన కొట్టేసిన ఒక్క లెక్క గురించి. నా క్లాసు పిల్ల రేవతికి రావాల్సిన నాలుగు మార్కుల గురించి.

4, మంగళవారం

టాన్ ఇన్వర్స్ 2, టాన్ ఇన్వర్స్ 3. కలిపితే ఎంత? సూత్రంలో వేస్తే అయిదు బై మైనస్ అయిదు. అంటే మొత్తం కోణానికి టాన్ విలువ మైనస్ ఒకటి. బాబాయి అక్కడే ఆగి మైనస్ 45 డిగ్రీలు అంటాడు. రేవతి ఆగలేదు. ఒక్కో కోణం 45 దాటింది, రెండూ కలిస్తే 90 దాటాలి గదా — 135 అని రాసింది. నాలుగు వేశాను. ఆయన కొట్టేసి సున్నా చుట్టాడు.

"నేనిచ్చిన జవాబుల కీ చూసి దిద్దమ్మా. తెలివి ఇంటి దగ్గర పెట్టుకో." స్టాఫ్ రూమంతా నవ్వు.

6, గురువారం

రాకెట్ ఎగరేస్తారని సముద్రంలోకి వేటకి పోవద్దన్నారు. నాయన వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. అడిగాను — పడవని కుడికి తిప్పి, ఇంకాస్త కుడికే తిప్పితే, ఎడమకి తిప్పినట్టా నాయనా?

"ఏ తాగుబోతు చెప్పినాడు?"

నీ తమ్ముడే.

పకపకా నవ్వాడు. ఆగాడు. వల ముడి మీదికి వంగి — "నువ్వు చెప్పేదే నిజం పాపా. అయినా వాడి మాట తీసేస్తే ఎట్టా?"

నిజమంట. అయినా అంట!

7, శుక్రవారం

రాకెట్ వాయిదా. నాయన మళ్ళీ ఇంట్లోనే. నా కంచం పెరట్లోకి తీసుకుపోయి తిన్నాను.

8, శనివారం

నాయుడుపేట పోయాను, బాబాయి ఇంటికి. పిన్నిని అడిగి ఆయన పాత నోట్సు తీయించాను. మా కాలేజీలో తిరిగే జిరాక్సులన్నీ దీన్నుంచి పుట్టినవే. సూత్రం కింద, పేజీ చివర, ఆయన దస్తూరీలోనే — 'రెండూ ధనాత్మకమై, లబ్ధం ఒకటి దాటితే 180 కలపాలి.' జిరాక్సులో ఆ వరుస తెగిపోయింది! ఎన్ని బ్యాచ్‌లు ఆ తెగిన కాగితాన్ని బట్టీ పట్టాయో...

బాబాయికి చూపించాను. చాలాసేపు చూసుకున్నాడు. "అప్పట్లో బాగానే చదివినాను..." నోట్సు మూసేశాడు. "ఇప్పుడు మారిస్తే ఇన్నాళ్ళూ తప్పు చెప్పినట్టే గదా. సోమవారం ఆ మైనస్ 45 కీ మీదే నువ్వూ ఒక సంతకం పెట్టెయ్."

జాలేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. తెలిసీ!

9, ఆదివారం

అంగడి దగ్గర రేవతి. నవ్వుతూ వచ్చి — "మేడమ్, ఇప్పుడు సరిగ్గా నేర్చుకున్నా. మైనస్ నలభై అయిదు."

కొన్న ఉప్పు ప్యాకెట్ అంగడి గట్టు మీదే వదిలేసి ఇంటికొచ్చేశాను.

10, సోమవారం

పదింటికి కీ సంతకానికి వస్తుంది. సంతకం పెట్టను. రేవతి పేపర్లో సున్నా కొట్టేసి నాలుగు వేశాను, పక్కన నా పేరు రాశాను. మొదటి పీరియడ్‌లో బోర్డు మీద ఆ లెక్కే చేస్తాను, 135 దాకా.

అమ్మ క్యారేజీ కట్టలేదు. బస్సు టైమయింది.