మడ అడవిలో నీ వరుస

జూన్ 4, బుధవారం

బుజ్జమ్మా, నువ్వు పనిచేసిన మడ అడవి నుంచి సూపర్‌వైజరమ్మ ఫోన్ చేసింది. జ్వరం నిన్ను తీసుకుపోకముందు నువ్వు నాటిన మొక్కల వరుస ఉందట, వచ్చి చూసుకోమంది. అవి బతికున్నాయా అని అడక్కుండానే ఫోన్ పెట్టేశాను. అక్కడ బురద తప్ప ఏముంది చూడ్డానికి అన్నారు మీ నాన్న.

జూన్ 7

చీర కట్టుకున్నాను. మళ్ళీ విప్పేసి నైటీ వేసుకున్నాను.

జూన్ 11, సాయంత్రం

వెళ్ళాను. బస్సు చివరి స్టాపు దాటగానే గేటు. వెనక ఊరి మేడలన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, ముందు ఉప్పుగాలి. లోపలికి చెక్కల దారి వేశారు. గార్డు ముందు నడిచాడు. దారి పక్కన బురదంతా ఆకుల్లేని పుల్లలు నిక్కపొడుచుకుని ఉన్నాయి. నీ మొక్కలన్నీ చచ్చి మోడులే మిగిలాయనుకుని ఆ చెక్కల మీదే కూలబడ్డాను. గార్డు కంగారుపడిపోయాడు. అయ్యో, అవి మొక్కలు కావమ్మా, ఈ పెద్ద చెట్ల వేర్లే, బురదలో ఊపిరాడక ముక్కులు బయటపెడతాయి అన్నాడు. నీ వరుస ఇంకా లోపల ఉందట. పోటు నీళ్ళు కమ్మేశాయి, ఇవాళ కనపడదట.

సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, ఈ చెట్లకి పొయ్యి బాబూ అని ఇచ్చాను. మంచినీళ్ళు మీరు తాగండమ్మా, వీటికి ఉప్పునీళ్ళే ఇష్టం అన్నాడు. మా అమ్మ ప్లాస్టిక్ పూలకుండీకి కూడా నీళ్ళు పోస్తుందని మీ పాప చెప్పేది అని నవ్వాడు. ఊరందరికీ చెప్పావన్నమాట. నాకూ నవ్వొచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుని ఆ నీళ్ళు నేనే తాగాను.

జూన్ 12

నీళ్ళు ఎప్పుడు తీస్తాయో కనుక్కో అన్నారు మీ నాన్న, పేపరు మీంచి తల ఎత్తకుండా.

జూన్ 15, ఆదివారం

ఇద్దరం వెళ్ళాం. నీళ్ళు వెనక్కి పోయి నీ వరుస బయటపడింది. సగం మొక్కల్ని అలలు ఎత్తుకుపోయాయి. మిగిలినవి నా మోకాలంత ఎత్తున్నాయి, లేత ఆకులేసుకుని. ఒక్కోదాన్నీ ముట్టుకున్నాను. బతికే ఉన్నాయమ్మా.

ఖాళీల్లో నాటమని సూపర్‌వైజరమ్మ మాకు పచ్చటి కాడల్లాంటి విత్తనాలిచ్చింది. బురదలో నిలువుగా గుచ్చితే చాలట. మీ నాన్న మొదటిదే తలకిందులుగా గుచ్చారు. ఈయన బనీను కూడా తిరగేసే వేసుకుంటారు అన్నాను, అందరి ముందూ. కోప్పడలేదు. పీకి, సరిగ్గా గుచ్చి, చుట్టూ బురద అదిమారు. చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేదు.

నాట్లు అయ్యేదాకా ప్రతి ఆదివారం రండి అంది ఆవిడ. నేను నోరు తెరవకముందే సరే అనేశారు మీ నాన్న.

జూన్ 16

నిన్న ఇంటికొచ్చాక, ఇన్నాళ్ళకి ఆయన మారు వడ్డించుకున్నారు. నేనూ పక్కనే కూర్చుని తిన్నాను.

ఇది ఎవరు చదువుతారో ఏమో. ఎవరైనా సరే, కడుపునిండా తినండి.