రెండో గేరుకు ఎడమ మోకాలు

హైదరాబాదు
ఆగస్టు 1997

ప్రియమైన శ్యామలక్కకు,

తమ్ముడు ఆత్మారాం దండాలు. ఇక్కడ అందరం క్షేమం. నువ్వు ఉపవాసాలు ఎక్కువ చేస్తున్నావని కోటగిరి చిన్నమ్మ కబురు పంపింది. దేవుడు నిన్ను తినొద్దని చెప్పలేదు అక్కా.

ఒక మాట చెప్తే నమ్మవు. మనింటికి బెంజి వచ్చింది. నల్లది. కొత్తది కాదు కానీ ఒక్క గీత లేదు. ఎట్లా వచ్చిందని అడగకు. దేవుడిచ్చిండు అనుకో.

కూర్చుంటే తెలుస్తుంది నీకు. క్లచ్చి లేదు. గేరు మార్చే పనే లేదు. స్టీరింగ్ చిటికెన వేలికి తిరుగుతుంది. ఎంత జోరుగా పోయినా చేతిలో చాయ్ తొణకదు. బాపు నాటి మన బ్యూక్ కారు యాదికొచ్చి నవ్వొచ్చింది. దాన్ని మూల తిప్పాలంటే పొగరుబోతు ఎద్దును కొమ్ములు పట్టి తిప్పినట్టే. ఎడపల్లిలో బ్రేకు తొక్కితే జాన్కంపేటలో ఆగేది!

రాఖీ పున్నమికి వస్తున్నాను. ముందు కోటగిరి పోయి చిన్నమ్మను చూద్దాం. అటునుంచి మళ్లీ బోధన్ మీదుగా డిచ్‌పల్లి రామాలయం. తోవంతా నువ్వే తోలాలి. బాపు నేర్పిన చెయ్యి కదా. బ్యూక్‌ను ఆ రోజు బయటకు తియ్యకు. దానికీ పండుగ సెలవు.

నీ తమ్ముడు,
ఆత్మారాం


బోధన్
ఆగస్టు 1997

ప్రియమైన తమ్ముడు ఆత్మారాంకు,

అక్క ఆశీస్సులు. నువ్వు క్షేమంగా చేరావని పక్కింటి హన్మవ్వ వాళ్ల ఫోనుకు చెప్పావట. నిమ్మళమైంది.

నీ బండి ఎట్లా అనిపించిందో రాయమన్నావు. మంచి బండి. నూనె మీద నడిచినట్టు పోయింది. కోటగిరి కాలువ గట్టు మీద బ్యూక్ పోతే ప్రతి గుంతా నడుముకు చెప్పి మరీ పోతుంది. నీ బండిలో గుంతలు వేరేవాళ్లకెవరికో తగులుతున్నట్టు ఉంది. మనం వాకిట్లో దిగేదాకా చిన్నమ్మకు తెలియనే లేదు. "గిదేం బండే శ్యామలా, సప్పుడే లేదు. దొంగోని లెక్క అచ్చింది" అన్నది. ఎంత నవ్వాం!

బోధన్ దాటి జాన్కంపేట గేటు తర్వాత ముందర ఒక లారీ అడ్డం వచ్చింది కదా. ఏదో పెద్ద సామాను ఎక్కించి, టార్పాలిన్ కప్పి, తాళ్లతో బిగించి ఉంది. చెరకు కాలం కాదు, ఏం మోస్తున్నాడో అనుకున్నాను. నువ్వు పాట సద్దు పెంచి "దాటెయ్ అక్కా, నొక్కు" అన్నావు. నొక్కాను. అంతే, లారీ వెనక్కు పోయింది. బ్యూక్ అయితే రెండో గేరుకు తెచ్చి, హారన్ కొట్టి, రాముణ్ణి తలుచుకొని దాటాలి. తర్వాత అద్దంలో చూస్తే, ఆ లారీ కిటికీలోంచి ఒక మనిషి సగం బయటకు వంగి చెయ్యి ఊపుతున్నాడు. నోరు కదులుతున్నది, మాట లేదు. ఆడమనిషి తోలుతున్నదని నవ్వుతున్నాడేమో. నాకు నచ్చనిది అదొక్కటే తమ్ముడూ. అద్దాలెక్కిస్తే లోకం మూగదైపోతుంది.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే షెడ్డు ఖాళీ, బ్యూక్ లేదు. నువ్వు నవ్వావు. "గిది నీ రాఖీకి నేనిచ్చేది అక్కా. హైదరాబాద్ల పెద్ద మేస్త్రి మనుషులచ్చి తోలుకపోయిండ్రు. కొత్తదాని లెక్క చేసి తెస్త. ముందుగాల చెప్తే నువ్వు ఒప్పుకోవు" అన్నావు. నిజమే, ఒప్పుకునేదాన్ని కాదు. నేను ఏడ్చినందుకు ఏమనుకోకు. బాపు పోయినప్పటినుంచి దాని పట్టింపు నా ఒక్కదానికే ఉందనుకున్నాను. నీకూ ఉందని తెలిసి ఏడ్చాను.

ఒకటే దిగులు. తోలుకపోయినవాడికి రెండో గేరు సంగతి ఎట్లా తెలుసు? తోవలో ఇబ్బంది పడలేదు కదా? మేస్త్రిని అడిగి రాయి.

నీ మేలు కోరే
అక్క


హైదరాబాదు
సెప్టెంబరు 1997

ప్రియమైన అక్కకు,

దండాలు. బండి క్షేమంగా చేరింది. ఇబ్బందేమీ పడలేదు.

కానీ మంచిదానివి, యాది చేశావు. రెండో గేరుకు ఏమిటి? నేను దాన్ని ఎన్నిసార్లు తోలాను గనక! బాపు చెయ్యి వెయ్యనిచ్చేవాడు కాదు, తర్వాత నువ్వూ అంతే. దాని గుణాలన్నీ ఇక్కడ అడుగుతున్నారు. ఎట్లా లేపాలి, ఎండకు ఏం చెయ్యాలి, ఎక్కడ మొరాయిస్తుంది. చిన్నదైనా వదలకుండా రాయి. నీకంటే ఎక్కువ ఎవరికి తెలుసు?

పని మీద ఉన్నాను. ఇంతే.

నీ తమ్ముడు,
ఆత్మారాం


బోధన్
సెప్టెంబరు 1997

ప్రియమైన తమ్ముడు ఆత్మారాంకు,

ఆశీస్సులు. అడిగినవి రాస్తున్నాను.

స్టార్ట్ చేసే బటన్ కోసం వెతకొద్దని చెప్పు. తాళం తిప్పి యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే అదే లేస్తుంది. వానాకాలం పొద్దున మొదటి తొక్కుకు లేవదు. కోపం చెయ్యొద్దు, కాసేపు ఆగాలి. ఎండాకాలం పెట్రోలు పంపు వేడెక్కి ఆగిపోతే, పంపు మీద తడిగుడ్డ వేసి, తాంబూలం వేసుకున్నంత సేపు నీడన కూర్చోవాలి. అదే తేరుకుంటుంది.

ఇంకొకటి నీకు మాత్రమే. మేస్త్రికి చెప్పకు. చెప్తే బాగుచేస్తాడు.

రెండో గేరు నిలవదు. కిందికి జారుతుంది. స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీకి కిందినుంచి ఎడమ మోకాలు ఆనించి లేపి పట్టాలి. ఇంజనీరు దొర తన దేశం పోతూ పోతూ ఆ బండిని తన డ్రైవరైన బాపుకు ఇచ్చిపోయేనాటికే దానికి ఆ గుణం ఉంది. నువ్వప్పటికి పుట్టలేదు. బాపు ప్యాంట్లన్నీ ఎడమ మోకాలు దగ్గరే చిరిగేవి. అమ్మ కుట్టి కుట్టి యాష్టకొచ్చి, "నీ బండికే ఒక కాలు పెట్టిచ్చుకోరాదు!" అనేది.

నాకు నేర్పేటప్పుడు నేనూ అడిగాను, ఈ లోపం బాగు చేయించవచ్చు కదా అని. "గిది ఐబు గాదు బిడ్డా" అన్నాడు బాపు. "నువ్వున్నవా అని బండి అడుగుతది. ఉన్న అని మోకాలు పెట్టి చెప్పాలె."

నీ బెంజి నన్ను ఏమీ అడగలేదు తమ్ముడూ. అది మంచిదే కావచ్చు. నాకు మాత్రం ఎవరి ఇంటికో చుట్టంగా పోయి కూర్చున్నట్టుండింది. బ్యూక్‌లో ఇంటి పని చేసినట్టుంటుంది. చేతులు నొస్తాయి, కానీ మన ఇల్లు.

ఆ రెండో గేరు అట్లానే ఉండనియ్యి. రంగు కూడా నలుపే ఉండాలి. దసరాకు తెస్తావు కదా?

నీ మేలు కోరే
అక్క


బోధన్
అక్టోబరు 1997

ప్రియమైన తమ్ముడు ఆత్మారాంకు,

నా కిందటి ఉత్తరం అందిందో లేదో. జవాబు లేదు.

నిన్న దసరా. జమ్మి పెట్టడానికి నువ్వు వస్తావని చీకటి పడేదాకా చూశాను. షెడ్డులో బ్యూక్ నిలబడే చోట చక్రాల గుర్తులు నాలుగూ అట్లానే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు వాటిని ముట్టలేదు. గుర్తుల ముందర నిమ్మకాయలు పెట్టి, కుంకుమ చల్లి, హారతి ఇచ్చాను. హన్మవ్వ వచ్చి చూసింది. "బండి లేంది పూజేందే?" అన్నది. "దవాఖానల ఉన్నోళ్ల కోసం మొక్కమా?" అన్నాను. ఇద్దరం నవ్వాం.

నువ్వు బాగున్నావు కదా? అది రాస్తే చాలు. బండి సంగతి తర్వాత.

నీ మేలు కోరే
అక్క


హైదరాబాదు
డిసెంబరు 1997

ప్రియమైన అక్కకు,

దండాలు. ఆలస్యానికి కోపం చెయ్యకు. పనుల్లో మునిగి ఉన్నాను. ఒక పెద్దమనిషితో పొత్తు కుదిరింది. ఆయన చెయ్యి పడితే నా బతుకు మారుతుంది.

బండికి బొంబాయి నుంచి సామాన్లు రావాలట. తొందరపడితే పని చెడిపోతుంది. రంగు గురించి అంత పట్టుపట్టకు. క్రీము రంగు వేస్తే రాజాలా ఉంటుందని చూసినవాళ్లంతా అంటున్నారు.

నిజం చెప్పక్కా, ఈ వయసులో ఆ మొద్దు స్టీరింగు నీ భుజాలకు అవసరమా? బండి అంటే సుఖం ఉండాలి. ఏసీ వేసుకొని, పాట పెట్టుకొని, కళ్లు మూసుకొని పోయేటట్టు ఉండాలి. నెలకోసారి వచ్చి నిన్ను బెంజిలో ఏ గుడికంటే ఆ గుడికి తిప్పుతాను. బ్యూక్ సంగతి శివరాత్రికి చూద్దాం. మనసులో పెట్టుకొని బెంగపడకు.

నీ తమ్ముడు,
ఆత్మారాం


బోధన్
ఫిబ్రవరి 1998

తమ్ముడు ఆత్మారాంకు,

నిన్న నిజామాబాదు కంఠేశ్వర్ గుడికి పోయి వస్తున్నాను. మాఘమాసం కదా, రోడ్డు మీద ఒక పెళ్లి బరాత్ వచ్చింది. దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాను. బ్యాండు మోత మధ్యలోంచి ఆ ఇంజను చప్పుడు వినపడింది.

తిరిగి చూస్తే క్రీము రంగు బండి. గులాబీ దండలు. మన బ్యూక్‌కు తోబుట్టువేమో అనుకున్నాను. బ్యాండువాళ్లు జరగగానే బండి కొంచెం జోరు అందుకుంది. డ్రైవరు రెండో గేరు వేశాడు. వేసి, ఎడమ మోకాలు లేపి కడ్డీ కింద ఆనించాడు.

నేను బండి వెనకాలే నడిచాను.

పెళ్లివారు చౌరస్తాలో బ్యాండుకు ఎగిరి ఆడడానికి ఆగారు. నేను పోయి కిటికీ దగ్గర నిలబడ్డాను. డ్రైవరు లింబయ్యది వేల్పూర్ అట, మంచి మాటకారి.

"గా మోకాలు ఎందుకు పెడ్తున్నవ్ బిడ్డా?" అన్నాను.

"బండి గుణమవ్వా. పెట్టకుంటే గేరు జారుతది. దీని పాత ఆసామికి ఒక అక్క ఉన్నదట, గామె చెప్పిందట."

"ఎవలది బండి?"

"మా సారుది. హైదరాబాద్ల ఉంటడు. పాత బండ్లంటే పానం. గీ పెండ్లి ఆళ్ల చుట్టాలది. రాఖీ పున్నమినాడు బోధన్ల తీస్కున్నం గిది. పైసల్ గావవ్వా, బండికి బండి. మా సారు నల్ల బెంజి గాయనకిచ్చిండు. నేనే పోయి లారీల ఎక్కిచ్చుకచ్చిన."

ఆగి, తనలో తనే నవ్వాడు.

"గమ్మతి ఇనవ్వా. జాన్కంపేట గేటు దాటినంక గా బెంజే మమ్ముల దాటుకపోయింది. ఎవలో పెద్దమనిషి, ఆడామె, తోలుతున్నది. మొన్నటిదాంక నేను తోలిన బండి గదా, పానం ఉంటదా? కిటికీలకెల్లి వంగి చెయ్యూపిన, పిలిచిన, హారన్ మీద హారన్ కొట్టిచ్చిన. యినవడనే లేదు. గా బండ్ల కూసుంటే గంతే. ఎవలు మొత్తుకున్నా యినవడది."

ఆ ఆడామె ఎవరో నేను చెప్పలేదు.

"ఎండకాలం పంపు మీద తడిగుడ్డ వెయ్యి బిడ్డా" అన్నాను.

"గదీ తెల్సవ్వా. గదీ గామెనే చెప్పిందట."

ఇక నా దగ్గర చెప్పడానికి ఏమీ మిగలలేదు. దండలు జరిపి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. బ్యాండు మళ్లీ మొదలైంది. బండి కదిలింది.

తమ్ముడూ, మేస్త్రి లేడు. బొంబాయి సామాన్లు లేవు. ఖాళీ చోటుకు హారతి ఇచ్చానని నేను రాస్తే, నువ్వు చదివి మడిచి పెట్టావు. దేవుడిచ్చిండు అన్నావు. ఎవరి షెడ్డులోంచి తీసి ఇచ్చాడో చెప్పలేదు. మోకాలి మాట నీకు మాత్రమే రాశాను. దాన్ని కూడా బండితో పాటు ఇచ్చేశావు.

ఇవన్నీ ఒక ఎత్తు. రాఖీ కట్టించుకున్న చేతితో పాట సద్దు పెంచి, "దాటెయ్ అక్కా" అన్నావే, అది ఒక ఎత్తు. టార్పాలిన్ కింద ఏముందో నీకు తెలుసు. నా చేతనే దాటించావు. పైగా ఎంత సుఖంగా దాటిందో నేను నీకు రాసి మెచ్చుకున్నాను.

లింబయ్య మోకాలు సరిగ్గానే పెడుతున్నాడు. దాని గురించి నాకు దిగులు లేదు. రాత్రి పూజలో నీ పేరు కూడా చెప్పుకున్నాను. అలవాటు తప్పలేదు.

షెడ్డులో చక్రాల గుర్తులు ఈ పొద్దున ఊడ్చేశాను.

వచ్చే నెల బాపు సంవత్సరీకం. ఆయన కొడుకువు, రావద్దనను. బస్సులో రా. ఆ బండిలో మాత్రం రాకు. అద్దాలెక్కించుకొని వస్తావు. గడపలో నిలబడి నేను పిలిచినా నీకు వినపడదు.

అక్క