ఫిజిక్స్ సార్ మీద పగ

మంగళవారం, రాత్రి

ఫిజిక్స్‌లో మళ్ళీ తప్పాను. క్లాసంతా చూస్తుండగా సార్ నా పేపరు ఎత్తి చూపించి, "ఇంజనీరింగ్ నీకెందుకమ్మా? హార్బర్‌లో మీ అమ్మ పక్కన కూర్చుని చేపలమ్ముకో" అన్నాడు. అందరూ నవ్వారు. నన్నంటే అన్నాడు, అమ్మనెందుకు లాగాలి?

మధ్యాహ్నం ఆయన క్లాసుకి వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాను. ఆయన టార్క్ పాఠం చెప్పగానే లేచి, "అర్థం కాలేదు సార్" అన్నాను. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ లేచాను. బెల్ కొట్టినా వదల్లేదు. ఆయన గొంతు బొంగురుపోయింది.

బయటికొచ్చాక నా స్నేహితురాలు దేవి, "ఏటే, సార్ని సంపేత్తావేటి?" అంది.

"సంపను. నాను పాసయ్యేదాకా వాగిత్తాను."

నటించలేదు, నిజంగానే అర్థం కాలేదు. ఎంసెట్‌లోనూ ఇంతేనా, ఆయన మాటే నిజమవుతుందా అని భయంగా ఉంది. అయినా రేపు కూడా ముందు బెంచీ నాదే. టార్క్ నా బుర్రకెక్కేదాకా ఆయన్ని టీకి కూడా వెళ్ళనివ్వను.