ఐదు నిమిషాల పని

చిట్టితల్లికి నాన్న దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ, మీ అమ్మా, వాన పడితే కారే మన పైకప్పూ ముగ్గురం బాగున్నాం. నువ్వు వేళకి తింటూ, వేళకి నిద్రపోతూ బాగున్నావనే అనుకుంటున్నాను. బాగుండకపోతే మాత్రం ఆ సంగతి నాకు రాయి, మీ అమ్మకి రాయకు. ఆవిడకి రాస్తే ఇక్కడ నాకు నిద్ర ఉండదు.

కాగితం మీద నల్లటి వేలిముద్రలు చూసి విసుక్కోకు. షాపులో స్టూలు మీద కూర్చుని రాస్తున్నాను. రెండు ముక్కలు రాయడం, లేచి రోడ్డు వైపు చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం, పొద్దున్నించి ఇదే పని. ఒక మనిషి రావాలి. ఎవరో చెబుతాను కానీ, ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు.

అమ్మ మోకాలు కాస్త నయం. ఆ కాలితో కుట్టుమిషను తొక్కొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి ఇప్పుడు రెండో కాలితో తొక్కుతోంది. పైకప్పు రేకు మార్చారా అన్నావు. రేకు మార్చలేదు, కింద పెట్టే బకెట్టు మార్చాం. నీ కొత్త స్కూటరుకి షోరూంవాళ్లు చెప్పినదానికంటే కొంచెం ముందుగానే ఆయిల్ మార్పించు. వెనక బ్రేకు ఒక్కటే నొక్కే అలవాటు మానుకుని రెండూ కలిపి నొక్కు. ఏ మెకానిక్కయినా ‘ఐదు నిమిషాల పని’ అంటే నమ్మకు. ఈ ఒక్కటీ నీకు నేర్పక్కర్లేదులే. నాన్న ఐదు నిమిషాలంటే అన్నం వండుకుని, తిని, గిన్నెలు కూడా కడుక్కోవచ్చని చిన్నప్పుడు షాపుకొచ్చినవాళ్లందరికీ చెప్పి నా పరువు తీసేదానివి. అప్పుడు నేనూ నవ్వేవాణ్ణి.

ఇక మన మలుపు దగ్గర బండి మీంచి పడ్డాయన సంగతి. అమ్మ రాసిందట కదా. ఆయన్ని ఆపారా, వెళ్లనిచ్చారా అని అడిగావు. అడిగి ఊరుకోకుండా తీర్పు కూడా చెప్పేశావు. బండి ఆయనది, ప్రాణం ఆయనది, ఆపడానికి మనమెవరం అని. నువ్వు అచ్చంగా మీ అమ్మ కూతురివి. అయితే ఆ పొద్దున మాతోపాటు రోడ్డు మీద నిలబడి ఉంటే ఆ మాట అంత తేలిగ్గా అనేదానివి కాదేమో.

ఎదురుగా కొత్త మేడ కడుతున్నారు. దాని ఇసుక రోడ్డు మీదికి పాకింది. ఆయన వేగంగా వస్తూ ఆ ఇసుక మీద బ్రేకు కొట్టాడు. బండి ఒక వైపు, ఆయన ఒక వైపు పడ్డారు. మేం పరుగెత్తేసరికి లేచి నిలబడి ప్యాంటు దులుపుకుంటున్నాడు. ఏం కాలేదు, ఏం కాలేదు అంటున్నాడు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. మాట స్పష్టంగానే ఉంది. హెల్మెట్టు మాత్రం ఒక పక్క సొట్టపోయింది. తాళంచెవి కోసం జేబులన్నీ తడుముకున్నాడు. బండికే ఉందని చూపించాం. సరేనన్నాడు. కాసేపటికి మళ్లీ జేబులు తడుముకున్నాడు.

అది చూసి సెలూన్ మామయ్య ఇతన్ని బండెక్కనివ్వకూడదన్నాడు. టీ కొట్టు బాబాయిది నీ పార్టీ. తెలివిలో ఉన్న మనిషి వెళతానంటుంటే పట్టుకోవడానికి మనమేమైనా పోలీసులమా అన్నాడు. పడ్డవాడికి తను ఎలా ఉన్నాడో తెలియదని మామయ్య, తెలియకపోతే చెప్పాలి గానీ కట్టేస్తామా అని బాబాయి. ఇద్దరూ ఆ మనిషిని మధ్యలో నిలబెట్టి, ఆయన అక్కడ లేనట్టే వాదించుకున్నారు.

ఆయన ఎవరి మాటా వినడం లేదు.

“నన్ను వదలండి. మా పాప రైలెక్కేస్తుంది” అన్నాడు.

వాళ్ల పాప చదువు కోసం అమ్మమ్మగారింటికి వెళ్లిపోతోందట. తల్లి తీసుకెళుతోంది. ఈయన ఆఫీసులో సెలవు దొరక్క, గంట పర్మిషన్ మీద స్టేషనుకి బయల్దేరాడు. రైలు కదిలేలోగా వస్తానని పాపకి మాట ఇచ్చాడట. ఇదంతా చెప్పి, మళ్లీ మొదటినుంచీ ఇదే చెప్పాడు. చెప్పినట్టు ఆయనకే గుర్తు లేదు.

సెలూన్ మామయ్య ఆటో పిలుస్తానన్నాడు. ఈలోగా నేను వంగిన హ్యాండిల్ సరిచేసి, బండిని స్టాండు మీద నిలబెట్టి కిక్కు కొట్టాను. స్టార్టు కాలేదు. ఆయన కొట్టాడు. కాలేదు. ఆయన ముఖం చూడలేక నా పెట్టె తెచ్చుకుని బండి పక్కన చతికిలబడ్డాను. అది విప్పాను, ఇది బిగించాను. ఆయన నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. చూస్తూ చూస్తూనే మన షాపు గట్టు మీద కూర్చున్నాడు. కాసేపటికి వాంతి చేసుకున్నాడు. అప్పుడు అందరం కలిసి ఆసుపత్రికి తీసుకెళ్లాం. తలకి లోపల దెబ్బ తగిలిందని, ఆ స్థితిలో బండి నడిపి ఉంటే దారిలో ఎక్కడో ఒకచోట స్పృహ తప్పేవాడని డాక్టరు చెప్పింది. రైలు మాత్రం మేం ఆసుపత్రి మెట్లు ఎక్కకముందే వెళ్లిపోయింది.

అప్పట్నించి మన వీధిలో ఇదే కబురు. నడిపేవాడికంటే బండికే బుద్ధి ఎక్కువ ఉందని టీ కొట్టు బాబాయి వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. ఆపాలా వద్దా అన్న తగువు కూడా బండే తీర్చేసిందని ఇద్దరూ ఒకటైపోయారు. నేను మాత్రం టీకి వెళ్లడం మానేశాను. అన్నం సయించడం లేదు. ఏమైంది నీకు, చెప్పులో రాయి పడ్డట్టు తిరుగుతున్నావని మీ అమ్మ రోజూ అడుగుతోంది. ఆవిడకి చెప్పలేదు. నీకు చెబుతున్నాను.

ఆ బండికి ఏమీ కాలేదమ్మా.

హ్యాండిల్ సరిచేస్తూ వంగినప్పుడు ప్లగ్గు వైరు నేనే లాగేశాను. ఊడినట్టు కనపడకుండా పక్కన ఆనించి పెట్టాను. అందుకు బాధ లేదు. మళ్లీ ఎవరైనా ఆ స్థితిలో నా ముందు నిలబడితే మళ్లీ లాగుతాను, నువ్వెన్ని తీర్పులు చెప్పినా సరే. నన్ను తినేస్తున్నది వేరు. సెలూన్ మామయ్య ఆటో కోసం వెళ్లబోతుంటే ఆ మనిషి నా వైపు తిరిగి ఎంతసేపు పడుతుందని అడిగాడు. నేను తలెత్తకుండా, “ఆటో ఎందుకండీ, ఐదు నిమిషాల పని” అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలియదు. నోటికి అలవాటైన మాట. ఆయన నమ్మాడు. ఆటో వద్దన్నాడు. నేను పాడుచేసిన బండిని నేనే బాగుచేస్తున్నట్టు నటిస్తూ ఆయన రైలుని వెళ్లగొట్టాను. నా బండి పక్కనే ఉంది. వెనక ఎక్కించుకుని మెల్లగా పోయినా అందుకునేవాళ్లం. ఇన్నేళ్లుగా బళ్లతో బతికినవాణ్ణి, మనిషితో చెప్పాల్సిన మాట కూడా బండి చేతే చెప్పించాను. నువ్వు ఊరు విడిచిన రోజు నీ రైలు పక్కన ఎంత దూరం పరుగెత్తానో నీకు తెలుసు. ఆయనకి ఆ పరుగు లేకుండా చేశాను.

ఈ రోజు బండి తీసుకెళ్లడానికి వస్తానని కబురు పెట్టాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుందామనే పొద్దున షట్టరు ఎత్తాను. అదుగో, వస్తున్నాడు.

పైదంతా షాపులో రాసింది. ఇప్పుడు ఇంట్లో రాస్తున్నాను. కాళ్లు వేణ్ణీళ్లలో ఉన్నాయి, ఆ కొత్త బకెట్టులోనే.

ఆయన వస్తూనే నా చేతులు పట్టుకున్నాడు. బండి మొరాయించబట్టి బతికానన్నాడు. ఇంకో నెల నడపొద్దని డాక్టరు చెప్పిందట, ఎవరితోనైనా ఇంటికి చేర్పించమన్నాడు. ఆ చేతులు వదిలించుకుని మొత్తం చెప్పేశాను, ప్లగ్గు వైరుతో సహా. అరుస్తాడనుకున్నాను. అరిచినా బాగుండేది. వంగి ఆ ప్లగ్గు వైరు వేలితో తాకి చూశాడు.

“ఆపినందుకు నేనేమీ అనను. ఆపాల్సిందే” అన్నాడు. “కానీ నాతో చెప్పాలి కదండీ. మీరు నడపలేరు, నా వెనక కూర్చోండి అంటే కూర్చునేవాణ్ణి. రైలు మలుపు తిరిగేదాకా పాప కిటికీలోంచి చెయ్యి లోపలికి తీసుకోలేదట.”

ఇప్పుడైనా వెనక కూర్చోండి, ఇంటి దగ్గర దింపుతానన్నాను. తల అడ్డంగా ఊపాడు. స్టాండు తీసి, హ్యాండిల్ పట్టుకుని బండిని తోసుకుంటూ బయల్దేరాడు. ఆ ఒంటితో అంత బరువు తోస్తుంటే చూస్తూ ఎలా ఉంటాను? షట్టరు కూడా దించకుండా పరుగెత్తి వెనకనించి పట్టుకున్నాను. రమ్మనలేదు, పొమ్మనలేదు. టీ కొట్టు బాబాయి పలకరించబోయి మా ముఖాలు చూసి గ్లాసులు కడగడంలో పడ్డాడు.

వీధి చివరికొచ్చాక ఇల్లు ఎంత దూరమని అడిగాను.

“దగ్గరేనండి. ఐదు నిమిషాలు” అన్నాడు, వెనక్కి తిరగకుండా.

వంతెన ఎక్కాం, దిగాం. గోడౌన్ల వీధి దాటాం. రైలు గేటు దగ్గర ఒక గూడ్సు పోయేదాకా పక్కపక్కనే నిలబడ్డాం. ఊరు అయిపోయి పొలాలు కనిపించాయి. వాళ్ల గుమ్మం ముందుకి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఇంకా ఎంత దూరమని నేను మళ్లీ అడగలేదు.

ఇట్లు,
నీ చిన్న సైకిలు వెనక పట్టుకుని పరుగెత్తిన
నాన్న