నేను లాగిన్ కాకముందే

అక్కకి,

అమ్మా నేనూ కులాసాగానే ఉన్నాం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటూ మొదలుపెడుతున్నాను. ఫోన్ చేయకుండా ఇది కాగితం ఎందుకు పట్టుకుందా అనుకుంటావేమో. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో అందుకుంటావు, నేను చెప్పాల్సింది మింగేస్తాను. అందుకని.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ దగ్గు తగ్గింది. మందు చేదుగా ఉందని డాక్టరుతోనే దెబ్బలాడింది. ఆయన నవ్వి, మళ్ళీ అదే మందు రాశాడు. ముందుగది కిటికీ రెక్క బాగుచేయించాను. అంధుల బడికి ఈ నెల గీసి ఇవ్వాల్సిన బొమ్మలు ఇచ్చేశాను. ఇక ఆఖరిది: "కంప్యూటర్ నెట్‌కి రావడం మానేసిందేం? ఏమైనా చెడిందా?" అని అడిగావు. చెడింది కంప్యూటర్ కాదు అక్కా.

నువ్వు పంపిన ఆ లినక్స్ కంప్యూటర్‌తో మొదట్లో ఎంత అవస్థ పడ్డానో గుర్తుందిగా. ఉబ్బెత్తు గీతలు అచ్చువేసే ప్రింటరు వారానికి రెండుసార్లు మొరాయించేది. నువ్వేమో అందులో నీకూ ఒక ఖాతా పెట్టుకుని, నెట్ ద్వారా అక్కణ్ణుంచే లోపలికొచ్చి సరిచేస్తానన్నావు. కానీ కరెంటు పోయి వచ్చిందంటే చాలు, కంప్యూటర్ పాస్‌వర్డ్ అడుగుతూ బిగుసుకుని కూర్చునేది. నేను వెళ్ళి లాగిన్ అయితే తప్ప వైఫై తగులుకునేది కాదు. నువ్వు బయటే ఉండిపోయేదానివి.

"వైఫై పాస్‌వర్డ్ నీ ఖాతాలో దాక్కుందే. నువ్వు లోపలికొస్తే గానీ అది బయటికి రాదు. దాన్ని మెషిన్ మొత్తానికీ ఇచ్చెయ్" అన్నావు.

ఆ ఆదివారం పొద్దున్నంతా దానితోనే సరిపోయింది. నెట్‌వర్క్ సెట్టింగుల్లో, వాడేవాళ్ళందరికీ అన్నచోట టిక్కు పెట్టాను. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ అదే మొండితనం. పాస్‌వర్డ్‌ని కూడా అందరి కోసం దాచమని విడిగా చెప్పాలన్నావు. అదీ మార్చాను. ఈసారి నేను ఒక్క అక్షరం కొట్టకముందే, లాగిన్ తెర మీదే వైఫై గుర్తు వెలిగింది. "వచ్చేశానే లోపలికి!" అని నువ్వు ఫోన్లో కేక పెట్టావు. నేను అమ్మ చేతులు పట్టుకుని గదంతా గిరగిరా తిప్పాను. "కళ్ళు లేనిదాన్ని, ఏ బల్లకో కొడతావే!" అని తిడుతూనే నవ్వింది.

ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో చూసే పద్ధతి కూడా నువ్వే నేర్పావు. ఒకరోజు ఊరికే తోచక చూశాను. ప్రింటరు ఏ పేచీ పెట్టని రోజుల్లోనూ నీ పేరుంది. వరసగా తొమ్మిది రోజులు, నేనింకా వంటింట్లో పాలు కాచుకుంటున్న వేళకి. మనసు ఒప్పుకోక ఫోన్లో మాటవరసకి అడిగాను, "నా బొమ్మలు ఎప్పుడైనా చూశావా అక్కా?" అని.

"నాకెక్కడ తీరికే తల్లీ! ప్రింటరు చూసుకుని వెళ్ళిపోతా" అన్నావు. తడుముకోకుండా అన్నావు.

పోయిన గురువారం బడి పెద్దటీచరు ఇంటికి వచ్చింది. చేతిలో కొత్త పుస్తకం. చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి తెలుసుకునే బొమ్మల పుస్తకం. "గీసింది మీ అక్కగారట కదా, చెప్పనే లేదే!" అంది. అట్ట మీద నీ పేరు. నా పేరు ఎక్కడైనా, ఏ మూలైనా ఉందేమోనని ఆమె ముందే పేజీలన్నీ తిప్పాను. లేదు.

అమ్మ పొంగిపోయింది. పుస్తకం లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. పిల్లి బొమ్మ దగ్గర ఆమె వేళ్ళు ఆగిపోయాయి. ఒకవైపు మూడు మీసాలు, రెండోవైపు రెండే. నేను గీసినప్పుడు, మూడోది చెవి గీతలో కలిసిపోతోందని తీయించింది అమ్మే కదా. నువ్వు అది కూడా మార్చలేదు. నేను టీచరుని సాగనంపి తలుపు వేశాక, "ఇది నీ పిల్లి కదే" అంది అమ్మ. నా ఏళ్ళ కష్టాన్ని నా ఇంట్లోంచే, నేను తెరిచి పెట్టిన దారిలోంచే పట్టుకెళ్ళావు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. అదే నాకు మింగుడు పడటం లేదు.

అమ్మ ఇంకో పేజీ తిప్పింది. "ఈ సాలీడు నాకు చూపించలేదేం? కాళ్ళు ఆరే ఉన్నాయి."

ఇంతవరకూ రాయకుండా వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది ఇదే అక్కా. ఆ సాలీడుని నీ కోసమే గీశాను. నువ్వు అబద్ధమాడిన మర్నాడు, కావాలనే రెండు కాళ్ళు తగ్గించి, కంప్యూటర్లో మిగతా బొమ్మల మధ్య పెట్టాను. ఎక్కడైనా కనబడితే దొరికిపోతావని. అచ్చయ్యేదాకా పోతుందని అనుకోలేదు. అనుకోలేదనడం కూడా నిజం కాదు, ఆలోచించనే లేదు. అమ్మకి అంతా చెప్పాను. నన్ను వెనకేసుకొస్తుందనుకున్నాను.

"అది నీకు ద్రోహం చేసింది, సరే. ఆ పిల్లలేం చేశారే నిన్ను?" అంది.

సాలీడుకి ఆరు కాళ్ళేనని ఎక్కడో ఒక పిల్ల వేలితో లెక్కపెట్టుకుని నమ్మేసి ఉంటుంది.

ఇవాళ పొద్దున్న ఎనిమిది కాళ్ళతో మళ్ళీ గీశాను. అమ్మ రెండుసార్లు తడిమి సరేనంది. దాన్ని ఆ పుస్తకం వేసినవాళ్ళకి పంపుతూ రెండు సంగతులు రాశాను: బొమ్మలు నావని, తప్పు కూడా నాదేనని. పిల్లి మొదటి అచ్చు కాగితం, అమ్మ తీయించిన మీసంతో సహా, జతచేశాను. వాళ్ళు నిన్ను అడుగుతారు. ఏం చెబుతావో నీ ఇష్టం. వైఫై టిక్కు తీసేశాను, నీ ఖాతా కూడా. ఇప్పుడు నేను కూర్చుని పాస్‌వర్డ్ కొడితేనే మెషిన్ నెట్‌కి వెళుతుంది. ప్రింటరు మొరాయిస్తే నా తిప్పలు నేను పడతాను.

"అక్కకి ఏం రాయమంటావమ్మా?" అని ఇందాకే అడిగాను.

"దానికి ప్రతిసారీ ఫోన్లో ఒంటరిదానివి, జాగ్రత్త అని చెబుతాను కదా. ఈసారి అది రాయకు" అంది.

ఇట్లు,
నిన్ను కాదనుకోవడం చేతకాని
నీ చెల్లెలు