మొటిమల మందు పంపకం రద్దు చేయించుట గురించి

సారపాక, 16-8-2006, బుధవారం. ముసురు వెలిసి ఎండ చురుక్కుమంటున్నది. కోళ్ళగూటికి తడిక కట్టి, చేతులు కడుక్కొని వ్రాయడమైనది.

ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, వెదురు డిపోలో లెక్కలు వ్రాసే జయరాజ్ చేసుకొను మనవి.

అయ్యా,

విషయం: నా కవల కుమార్తెల మొటిమల మందును మా తల్లిగారు పంచిన పంపకం రద్దు చేస్తూ, ఆమె పేర ఉత్తర్వు ఇప్పించుట గురించి.

1. నా కుమార్తెలు స్తుతి, ఏంజెల్. ఇద్దరికీ ముఖం నిండా మొటిమలు. వచ్చే నెల ఖమ్మంలో ఇద్దరికీ నర్సు ట్రైనింగు ఇంటర్వ్యూ గలదు. "ఒక్క తీరు మొఖాలు. ఒకదాన్ని జూపిస్తే రెండోదాన్ని జూపినట్టే" అని మా తల్లి సవరమ్మ గారు తీర్పు చెప్పినందున, స్తుతిని మాత్రమే తమ చర్మవ్యాధుల డాక్టరమ్మ వద్దకు తీసుకొచ్చాను.

2. డాక్టరమ్మ గారు ఉదయం మింగుటకు మాత్రలు, రాత్రి పూయుటకు ట్యూబు వ్రాసినారు. మాత్ర క్రిమిని, వాపును అణచునని, ట్యూబు మూసుకున్న రంధ్రాలను తెరుచునని, రెండూ కలిపి వాడితేనే గుణమని విడమరచి చెప్పినారు.

3. మా ఇంట జామకాయ అయినను రెండు ముక్కలు కావలసినదే. ఆ ప్రకారం మా తల్లిగారు ట్యూబు స్తుతికి, మాత్రలు ఏంజెల్‌కు పంచినారు. నేను అడ్డుపడగా, "ఒక్క కడుపుల పుట్టిన పిల్లలురా. దీనికి రెండిచ్చి దానికి ఉత్త చెయ్యి సూపమంటవా?" అన్నారు. నేను పక్కకు తప్పుకున్నాను. సాధారణంగా అంతే.

4. ప్రస్తుతం స్తుతి ముఖం ఎర్రబారి వెల్లుల్లి పొట్టు వలె లేస్తున్నది. మొదట్లో అట్లాగే ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పినారు గాని, పిల్ల నమ్మదు. ఏంజెల్‌కు ఎరుపు తగ్గినది, నల్లచుక్కలు కదలలేదు. ఇన్నేళ్ళు ఎవరు ఎవరో తేల్చుకోలేని పాస్టరు గారు ఇప్పుడు వాకిట్లో నుండే పేర్లు పెట్టి పిలుస్తున్నారు.

"మంచి మందు నీకే దొరికింది" అని స్తుతి. "అయితే తీస్కో, నీ ట్యూబు నాకియ్యి" అని ఏంజెల్. స్తుతి చున్నీ కప్పుకొని గదిలో కూర్చున్నది. "గీ మొఖంతోని ఇంటర్వ్యూకు నేను రాను నాయినా" అన్నది. అయ్యా, కుక్క కరిచిన మేకపిల్లకు తన లంగా చింపి కట్టు కట్టిన పిల్ల అది. ఈ వాక్యం అర్జీలో ఉండదగినది కాదు. కొట్టివేయలేదు.

5. కావున ఏంజెల్‌ను కూడా పరీక్షించి వేరు చీటీ ఇప్పించవలెను. మరియు "రెండు మందులూ ఒకే మనిషికి" అని మా తల్లిగారి పేర ఉత్తర్వు జారీ చేయవలెను. ఆమె బైబిలు మాట, గుండ్రటి ముద్ర ఉన్న కాగితం మాట తప్ప వినరు.

మా ఇంట న్యాయం కొంత తగ్గి వైద్యం కొంత పెరుగునట్లు తమరు చిత్తగించవలెను.

తమ విధేయుడు
జయరాజ్

తా.క. గురువారం ఉదయం. అర్జీ అమ్మకు చదివి వినిపించాను. "నా మీదనే కాయితం రాసినవా? నడువు, ఆ డాక్టరమ్మనే అడుగుత" అని చీర మార్చుకున్నది. తర్వాత స్తుతి తలుపు తట్టి, "లే బిడ్డా. తప్పు నాదైతే నీ ట్యూబు నేను పూస్కుంట, నా మొఖం గూడ ఊడనీ" అన్నది. లోపల నవ్వు వినబడింది. పిల్ల చున్నీ లేకుండా బయటికి వచ్చింది.

ఈ మందులు వాడేవారికి ఎండ తగలరాదు. ఇంట్లో గొడుగు ఒకటే. "పొయ్యేటప్పుడు దానికి, వచ్చేటప్పుడు దీనికి" అని అమ్మ పంచేలోగా ఇద్దరూ ఒకే గొడుగు కింద రోడ్డెక్కినారు. అమ్మ వెనుక నుండి కేకలు వేస్తున్నది. నేను పొయ్యి ఆర్పి, బిందె మీద మూత పెట్టి, ఈ అర్జీ మడిచి జేబులో పెట్టుకొని వారి వెనుక బయలుదేరుచున్నాను.