కన్ను ముందు, చెయ్యి వెనుక

సోమవారం

అమ్మాయికి,

నీ చిన్నకూతురిని సంగీత కళాశాల పరీక్షకు పంపే కాగితం మీద నేను సంతకం చెయ్యను. ఆరేళ్ళు దానికి పియానో నేర్పినదాన్ని, తెలిసే చెబుతున్నాను. వాళ్ళక్క రోజుకు మూడు గంటలు కూర్చుని, ఒక్క తప్పు లేకుండా వాయిస్తుంది. ఇది ఏ పాఠాన్నీ పూర్తిగా నేర్చుకోదు. నిన్న ఒక్క పుటలో పదకొండు తప్పులు, ఒక్కదానికీ ఆగలేదు. "ఎక్కడికే ఆ పరుగు? దిద్దుకో!" అంటే, "దిద్దుకుంటూ కూర్చుంటే పాట వెళ్ళిపోతుంది అమ్మమ్మా" అంటుంది. ఇదీ వరస. నామీద కోపం తెచ్చుకోకు.

మీ అమ్మ

శుక్రవారం

తల్లీ,

మొన్నటి ఉత్తరం చించెయ్యి.

నిన్న బృందగానం సాధనకు పిల్లలిద్దరినీ తీసుకెళ్ళాను. పియానో వాయించే ఆయనకు జ్వరం. ముప్ఫై మంది గొంతులు సవరించుకుని నిలబడి ఉన్నారు. పాడించే ఆవిడ తొమ్మిది పుటల కొత్త పాట చూపించి, "ఎవరైనా వాయిస్తారా?" అంది. మన పెద్దది నా వెనక్కి నక్కింది. చిన్నది వెళ్ళి కూర్చుంది. పుటలు తిప్పడానికి నేను పక్కన నిలబడ్డాను.

పుట చివర నిలువు గీతల మధ్య స్వరాల గడులు ఇంకా రెండు వాయించాల్సి ఉండగానే తిప్పమని తల ఊపింది. తొందరపడుతోందనుకుని, చేతులు చివరి గడికి చేరేదాకా ఆగి తిప్పాను. "అది ఎప్పుడో చదివేశా, ముందే తిప్పు అమ్మమ్మా!" అంది పళ్ళబిగువున. తర్వాతిసారి తల ఊపగానే తిప్పేశాను. తల్లీ, ఆ రెండు గడులూ ఎదురుగా కాగితం లేకుండానే మోగాయి! దాని కళ్ళు అప్పటికే అవతల పుటలో ఉన్నాయి. తప్పులు ఏడు లెక్కపెట్టాను. పాడేవాళ్ళలో ఒక్కరికీ తాళం తప్పలేదు.

"ఎలాగే?" అన్నాను.

"నువ్వు పేపరు అక్షరం అక్షరం కూడబలుక్కుంటావా ఏంటి? నాకు స్వరాలు గుంపుగా కనిపిస్తాయి, అంతే."

యాభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని మాట నీకు రాస్తున్నాను. ఆ పరీక్షకు నేనూ వెళ్ళాను. ఎన్నడూ చూడని పుట ముందు పెట్టి అప్పటికప్పుడు వాయించమన్నారు. మూడో గడిలో తప్పు పడింది. దిద్దుకోవడానికి ఆగాను. మళ్ళీ మొదలుపెట్టాను, మళ్ళీ ఆగాను. "చాలమ్మా" అన్నారు. ఆనాటి నుంచి కంఠతా వచ్చినవే వాయించాను, మీ అందరిచేతా కంఠతా పట్టించాను. కొత్త కాగితం చూస్తే ఇప్పటికీ నా వేళ్ళు చల్లబడతాయి.

సంతకం చేశాను. నేనే తీసుకెళ్తాను. లోపలికి నన్ను రానివ్వరు. ఆ తలుపు బయట నిలబడి, అది మూడో గడి దాటి వెళ్ళిపోవడం వింటాను.

మీ అమ్మ